సౌగంధి తాగిన సగం

నేను ఒక ఇత్తడి పాత్రను. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ఇత్తడికి కోపమేమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. చచ్చిపోయే ప్రేమికుల పెదవుల దగ్గరికి ముప్ఫై ఏళ్లు వెళ్లొచ్చినదాన్ని. వాళ్లలో ఎవరు ఎవరిని ప్రేమించారో, ఎవరు ఎవరి ముందు నటించారో నాకు తెలిసినంతగా ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్న మీకు తెలియదు. తెలియకపోతే పోయింది, అన్నీ తెలిసినట్టు మాట్లాడతారే, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

తణుకు దగ్గర అజ్జరంలో పుట్టాను. కనకాచారి అనే కంచరి ఆయన నన్ను పోతపోసి, సాపు చేసి, లోపల కళాయి పూసి, తాగేవాళ్ల మూతికి కోసుకోకుండా అంచు కాస్త బయటికి వంచాడు. మజ్జిగ తాగడానికి చేశాడాయన నన్ను. ఎండలో వచ్చినవాడి దాహం తీర్చు తల్లీ అని గుడ్డతో తుడిచి బుట్టలో పెట్టాడు. ఆ మాట ఆయన ప్రతి గ్లాసుతోనూ అంటాడని తరవాత తెలిసింది. అయినా నాకు మాత్రం అది నాకే చెప్పినట్టు ఉండేది.

తెనాలిలో ఒక కాఫీ హోటలుకి అమ్ముడుపోయాను. అక్కడ హాయిగానే ఉన్నాను. ఒకరోజు సాయంత్రం నాటకాల కాంట్రాక్టరు పూర్ణయ్య గారు వచ్చి, "ఈ గ్లాసు ఒక్క పూట ఇవ్వండి, పొద్దున్నే పంపిచ్చేస్తా" అని పట్టుకుపోయాడు. ఆ పొద్దున ఇంకా తెల్లవారలేదు. ఆయన నా నడుముకి లక్కతో ఎర్రపూసలు అతికించి, రాజుగారి విషపాత్ర అని పేరుపెట్టి, కిరీటాల ట్రంకుపెట్టెలో పడేశాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, హోటలువాడి గ్లాసుతో అప్పటినుంచి ఎంతమందిని చంపించాడో.

నాటకం పేరు 'సౌగంధీ వీరకేతనం'. జనం మాత్రం సౌగంధి నాటకం అంటారు. కథ రెండు ముక్కల్లో చెబుతాను. సౌగంధి ఒక రాజు కూతురు. వీరకేతు ఆ రాజుకి శత్రువైనవాడి కొడుకు. ఇద్దరూ ఉద్యానవనంలో కలుసుకుంటారు, రహస్యంగా పెళ్లాడతారు, పట్టుబడతారు. రాజు అల్లుణ్ణి చెరసాలలో వేసి, తాగి చావమని విషం పంపిస్తాడు. ఆ విషం వీరకేతుకి మాత్రమే. సౌగంధి కావాలంటే గుమ్మం దాటి వెళ్లిపోవచ్చు. ఆవిడ వెళ్లదు. "ఇందులో సగం నాది" అంటుంది. వీరకేతు నన్ను ఆవిడ చేతికిస్తాడు. ఆవిడ తన సగం తాగి అతని కాళ్ల దగ్గర పడి ప్రాణం విడుస్తుంది. ఆ తరవాత అతను ఏడు పద్యాలు పాడి, మిగిలిన సగం తాగి చచ్చిపోతాడు. తెర పడుతుంది. జనం ముక్కులు చీదుకుంటూ ఇళ్లకు పోతారు. ప్రేమంటే వాళ్లదిరా అని మర్నాడు టీకొట్ల దగ్గర చెప్పుకుంటారు.

నేనడుగుతాను. సగం నాది అని ఆవిడ అనగానే చప్పున ఇచ్చేశాడే, వద్దు అని ఒక్క మాట అన్నాడా? మీ ఇంట్లో ఆడమనిషి వేడి పాలగిన్నె ఒట్టిచేత్తో పట్టుకోబోతే ఆగు అంటారు గదా. ఇక్కడున్నది విషం. పైగా ముందు తాగవలసింది ఆవిడ. సరే, ఆవిడ పడిపోయింది. ఈ మహానుభావుడు ఆ ఏడు పద్యాల్లో ఏం పాడాడు? ఒకటి తన వంశం గురించి. ఒకటి విధి గురించి. ఒకటి చంద్రుడి గురించి. ఆ చెరసాలకి కిటికీ కూడా లేదు, చంద్రుడు ఎక్కడ కనపడ్డాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూడు పద్యాలు అసలీ నాటకంలోవే కావు, వేరే నాటకాల్లో చప్పట్లు కొట్టించుకున్నవాటిని తెచ్చి ఇక్కడ తగిలించారు. మిగిలిన ఒక్కదాంట్లో సౌగంధి పేరు వస్తుంది, అదీ మూడో పాదంలో, యతి కోసం.

ఇంకో సంగతి. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిస్తే మళ్లీ పాడటం నటుడికి మర్యాద. ఆఖరి పద్యం పాడి, నన్నెత్తి గటగటా తాగి, కాళ్లు తన్నుకుని చచ్చిన వీరకేతు, వన్స్‌మోర్ వినపడగానే నడికట్టు సర్దుకుని లేచి నిలబడతాడు. సభకి దణ్ణం పెట్టి, హార్మోనియం వైపు చూసి శ్రుతి అందుకుని మళ్లీ పాడతాడు. మళ్లీ తాగుతాడు. మళ్లీ చస్తాడు. పొన్నూరు దగ్గర ఒక ఊళ్లో నాలుగుసార్లు చచ్చాడు. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అని ఊరికే అన్నారా? అంతసేపూ సౌగంధి చల్లటి బల్లల మీద కదలకుండా పడి ఉండాలి. ఆవిణ్ణి ఎవరూ లేవమనరు. ఆవిడ ఒకసారి చస్తే చచ్చినట్టే.

ఆ వీరకేతు వేషానికి మా రెండు జిల్లాల్లో పెట్టింది పేరు దశరథరామయ్య గారు. గొంతు ఖంగుమనేది, అందులో అబద్ధం లేదు. కాని ఆయన ఉద్యానవనం రంగంలో ఎప్పుడూ నటించలేదు. మా నాటకాల్లో ఒక వేషాన్ని ఇద్దరేసి కట్టడం మామూలే. కుర్ర వీరకేతు ఒకడు తోటలో సౌగంధి చెయ్యి పట్టుకుని ప్రేమించి, పెళ్లాడి దిగిపోతాడు. అప్పుడు దశరథం గారు టాక్సీలో వచ్చి, రంగు పూసుకుని, చెరసాలలో ఎక్కుతాడు. మరి సౌగంధి మాత్రం మొదటినుంచీ ఒక్కతే. ప్రేమ ఒకడి దగ్గర తీసుకుని విషం ఇంకొకడి దగ్గర తీసుకోవాలి. ఇది చూసి ఇదేమిటని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

నా చేతులు మారిన సౌగంధుల్లో తాయారమ్మ నాలుగో ఆవిడ. చిలకలూరిపేట నుంచి పంతొమ్మిదేళ్లకి వచ్చింది. అంతకుముందు నాలో ఎర్రరంగు కలిపిన నీళ్లు పోసేవారు. మొదటి ఆటకే ఆ అమ్మాయి నన్ను ఎత్తి వాసన చూసి పూర్ణయ్య గారి మీద లేచింది.

"ఏందండి ఇది? అన్ని పద్యాలు పాడే మనిషికి రంగునీళ్లా? ఆయన గొంతు ఏం గాను?"

"విషానికి రుచెందుకమ్మా" అన్నాడు పూర్ణయ్య గారు నవ్వుతూ.

ఆ రోజునుంచి తనే మిరియాలు, శొంఠి దంచి, పటికబెల్లం వేసి కషాయం కాచి, గోరువెచ్చగా నాలో పోసేది. నన్ను కూడా చింతపండుతో ఆవిడే తోమేది. నాటకం ప్రకారం ఆవిడ సగం తాగాలి. నాలో ఎంత ఉందో నాకు బరువు తెలియదా? ఆవిడ పెదవి తడిపి ఊరుకునేది. ముప్పాతిక పైగా ఆయనకి వదిలేది. ఏడు పద్యాలూ, వన్స్‌మోర్‌లూ అయ్యాక ఎండిన గొంతుకి అది దక్కాలని. ఆయన తాగేవాడు, చచ్చేవాడు. తెర పడ్డాక "ఇవాళ మిరియాలు ఎక్కువైనయ్" అనేవాడు. ఎక్కువ వదిలింది ఎవరని ఏనాడూ అడగలేదు.

రెండేళ్లకి ఆయన పెళ్లి మాట ఎత్తిన తీరు కూడా చెప్పాలి. రంగు తుడుచుకుంటూ, అద్దంలోంచి చూస్తూ, "తాయారూ, ఇకనించి ఆ కషాయమేదో మా ఇంట్లోనే కాయరాదూ?" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి తల వంచుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంటమనిషిని మాట్లాడుకున్నా ఇంతకంటే మర్యాదగా అడుగుతారు. కాని ఆవిడ మనసులో అప్పటికే ఇద్దరు వీరకేతులూ కలిసిపోయి ఉన్నారు. తోటలో చెయ్యి పట్టుకున్నవాడు కూడా ఈయనే అనుకుంది. పెళ్లయింది. ట్రంకుపెట్టెలోంచి నేను కూడా ఆ ఇంటికి కాపురానికి వెళ్లాను.

ఇరవై ఏళ్లు గడిచాయి. అన్నేళ్లూ నేను తిట్టుకున్నది ఆ నాటకం రాసిన మనిషిని. ఈ ప్రేమ కాని ప్రేమని ప్రేమ అని రాసినవాడి చేతులు విరగ అనుకునేదాన్ని. ఆ తిట్లు ఆ మనిషికి తగలకూడదని ఇప్పుడు నా కోరిక. ఎందుకంటే ఒకరోజు మధ్యాహ్నం హార్మోనిస్టు మస్తాన్ సాహెబు గారు ఒక పుస్తకం పట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. గుంటూరులో పాత పుస్తకాల బండి మీద దొరికిందట. అట్ట లేదు. చెదలు తిన్నంత తినగా మిగిలిన ఆఖరి రంగం మాత్రం భద్రంగా ఉంది.

"అమ్మా తాయారూ, ఇన్నేళ్లనించీ మనం ఆడేది ఈ నాటకం కాదమ్మా" అన్నాడాయన గుమ్మంలో నిలబడే.

మీకు చెబితే నమ్మరు. ఆ నాటకం ఆడినవాళ్లలో ఒక్కడు కూడా ఆ పుస్తకం చదవలేదు. గురువు పాడితే శిష్యుడు పట్టుకోవడం, శిష్యుడు పాడితే ఇంకొకడు పట్టుకోవడం. మధ్యలో ఏ గొంతున్న పెద్దమనిషికి ఎక్కడ చప్పట్లు కావలసి వచ్చిందో అక్కడ కోశాడు, అక్కడ అతికించాడు. పుస్తకంలో సౌగంధి సగం నాది అనగానే వీరకేతు నన్ను వెనక్కి లాక్కుంటాడు. వలదు అంటాడు. మూడుసార్లు అంటాడు. కాళ్లు పట్టుకుంటాడు. ఆవిడ బలవంతంగా తీసుకుని తాగి, ఒక పద్యం చెబుతుంది. ఆ తరవాత ఏముందో మస్తాన్ సాహెబు వేలు పెట్టి చదివి వినిపించాడు. "వీరకేతు మాటలాడడు. ఆమె శిరము నొడిలో నుంచుకొని మిగిలినది త్రాగును." అంతే. ఏడు పద్యాలు లేవు. ఒక్కటి కూడా లేదు.

తాయారమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది. "అయితే వాళ్లు నిజంగానే ప్రేమించుకున్నారన్నమాట అన్నయ్యా" అంది. ఆవిడ ముఖంలో సంతోషం చూసి నాకు భయం వేసింది. ఎవరో రాసిన కాగితంలో ప్రేమ ఉందని తెలిస్తే, మన ఇంట్లో లేదని తెలియడం మొదలవుతుంది.

ఆ పద్యం ఆవిడ వంటింట్లో నేర్చుకుంది. నన్ను తోముతూ పాడేది. నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా పాడేది. మొగుణ్ణి అడిగింది కూడా. ఆయన పెద్దగా నవ్వాడు. "నా పద్యాలు తీసేసి నిన్ను ఒళ్లో పెట్టుకు కూచుంటే జనం కుర్చీలు ఇరగ్గొడతారే" అన్నాడు. ఏడాది తరవాత ఇంకోసారి అడిగింది. ఆసారి నవ్వలేదు, విసుక్కున్నాడు.

ఆ మరుసటి ఏడాది ఆవిడ గొంతు బొంగురుపోవడం మొదలైంది. దశరథం గారి గొంతు కోసం రోజూ కషాయం కాచిన మనిషి, అందులో నాలుగు చుక్కలు తను తాగి ఎరగదు. గుంటూరు డాక్టరు అద్దం పెట్టి చూసి, గొంతులో గడ్డ ఉంది, కోసి తీయాలి అన్నాడు. మాట కొంత మిగలవచ్చు, పాట మిగలదని కూడా చెప్పాడు. సోమవారం ఆసుపత్రిలో చేరమన్నాడు. శనివారం సాయంత్రం బాపట్ల టౌనుహాల్లో ఒక ఆట ఒప్పుకుని ఉన్నారు. చివరి అంకం ఒక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం ఆయనకి అన్నం వడ్డిస్తూ అడిగింది. నేను మంచినీళ్లతో ఆయన విస్తరి పక్కనే ఉన్నాను.

"ఏవండీ, ఒక్కటి అడుగుతా, కాదనబాకండి. రేపు ఆ పద్యం పాడుకోనీండి నన్ను. మీవి మీరు ఏడూ పాడుకోండి, నేను అడ్డం రాను. ముందు ఒక్కసారి వద్దు అనండి, చాలు. నేను తాగి పాడతా. నాలుగు పాదాలే."

"ఈ గొంతుతో పద్యమేందే? జనంలో నవ్వులపాలవుతావ్."

"నవ్వితే నవ్వనీండి. సోమవారం తర్వాత ఆ నవ్వు కూడా ఉండదుగా."

ఆయన రెండు ముద్దలు తిన్నాడు. మజ్జిగ పోయమన్నాడు. చెయ్యి కడుక్కునేటప్పుడు మాత్రం, "సరే పాడు. వద్దు అంటాలే" అన్నాడు. ఆవిడ చిన్నపిల్లలా ఆయన తడిచెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. "ఒట్టేనా?" అంటే, "ఒట్టే" అన్నాడు. మస్తాన్ సాహెబుకి కబురు వెళ్లింది. ఆవిడ శ్రుతికి మెట్టు ఎక్కడ పట్టాలో ఆయన గుర్తు పెట్టుకున్నాడు.

శనివారం టౌనుహాలు కిటకిటలాడింది. తాయారమ్మ కాళ్లకి పారాణి పెట్టుకుంది. చెరసాల రంగానికి సౌగంధి ఎప్పుడూ పెట్టుకోదు. తెర లేచింది. మాటలు జరిగాయి. "ఇందులో సగం నాది" అంది ఆవిడ.

నేను దశరథం గారి కుడిచేతిలో ఉన్నాను. ఆయన ఏం చేయబోతున్నాడో మీకంటే, ఆవిడకంటే ముందు నాకే తెలుస్తుంది. ఆయన హాలు వైపు చూశాడు. ముందు వరసలో శాలువాలు కప్పుకున్న పెద్దలు ఆయన పద్యం కోసం ముందుకి వంగి కూర్చున్నారు. ఆ చెయ్యి వెంట్రుకవాసి కూడా తటపటాయించలేదు. రోజూ ఇచ్చినట్టే నన్ను ఆవిడకి ఇచ్చేశాడు.

ఆవిడ తాగలేదు. నన్ను పెదవి దాకా తెచ్చి ఆగింది. నా అంచు మీదుగా ఆయన కళ్లలోకి చూసింది. ఒక్క మాట. మర్చిపోయుంటే ఇప్పుడైనా గుర్తు తెచ్చుకోమని చూసింది. ఇత్తడికి నోరుంటే ఆ మాట నేనే అనేదాన్ని. ఆయన ఎడమచెయ్యి ఎత్తి మస్తాన్ సాహెబుకి శ్రుతి ఇమ్మని సైగ చేశాడు. అది మరుపు కాదు. ఒట్టు వేసిన మర్నాడు ఎవరూ అంత బాగా మర్చిపోరు.

అప్పుడావిడ తాగింది. ఇన్నేళ్లలో మొదటిసారి సరిగ్గా సగం తాగింది. పడిపోయింది. ఆయన మొదలుపెట్టాడు. వంశం అయింది, విధి అయింది, చంద్రుడయ్యాడు. చంద్రుడికి వన్స్‌మోర్ పడింది. ఆయన రెండోసారి పాడి, చెమట తుడుచుకుని, నాలుగోదానికి ఊపిరి పీల్చుకునేలోపు సౌగంధి లేచి కూర్చుంది.

"ఒరేయ్, శవం లేచిందిరోయ్!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆయన అన్నిసార్లు చచ్చి లేచినప్పుడు నవ్వని జనం, ఆవిడ ఒక్కసారి లేస్తే నవ్వారు. ఆవిడ జనం వైపు చూడలేదు. మస్తాన్ సాహెబు వైపు చూసింది. ఆ ముసలాయన ముప్ఫై ఏళ్లుగా దశరథం గారి శ్రుతి మీద పెట్టిన వేళ్లు తీసి, ఆవిడ శ్రుతి మీద పెట్టాడు.

వలదు వలదటంచు వారించితివి చాలు
బ్రతుకు నిచ్చినట్టి పలుకు నాకు
సగము నాది సుమ్ము, సాగరమైనను
విషమునైన నీదు ప్రేమనైన

గొంతు బాగాలేదు. మొదటి పాదంలోనే జీరపోయింది. అయినా ప్రతి అక్షరం వినపడింది. వద్దు వద్దు అని నన్ను ఆపావు, ఆ మాటే నాకు బతుకు అని ఆవిడ అతనికి కృతజ్ఞత చెబుతోంది. అతను ఆపలేదు. ఆపనిది హాల్లో ఉన్న ప్రతివాడూ చూశాడు. పుస్తకంలో ఉన్నప్పుడు అది ప్రేమపద్యం. ఇక్కడ ఆయన ఎదురుగా కూర్చుని ఆయన ముఖంలోకి చూస్తూ పాడితే చెంపదెబ్బ అయింది. నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ల వైపునుంచి ఒక పెద్దావిడ, పక్కమనిషితో అన్నట్టే గాని హాలంతా వినపడేలా, "ఏడీ? ఎక్కడ ఆపాడమ్మా? చేతికిచ్చి తాగిచ్చాడుగా!" అంది.

చివరి పాదంలో ప్రేమ అనే చోట ఆవిడ గొంతు తెగిపోయింది. ఊపిరి వచ్చింది, శబ్దం రాలేదు. పెదవులు మాత్రం పద్యం పూర్తి చేశాయి.

ఇప్పుడు చెప్పబోయేది కూడా నిజమే, దాచను. దశరథం గారు కిరీటంతో సహా కింద కూలబడ్డాడు. ఆవిడ తల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ పుస్తకంలో ఎలా ఉందో అలాగే, ఆయన దాన్ని ఏనాడూ చదవకపోయినా. నన్ను అందుకుని ఆవిడ పెదవులకి ఆనించి, "తాగు తాయారూ, గొంతు తడుపుకో" అన్నాడు. సౌగంధీ అనలేదు, తాయారూ అన్నాడు. ఒలకకుండా నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన అలా పట్టుకోవడం నేను ఎన్నడూ ఎరగను. ఇన్నేళ్ల కోపం ఆ ఒక్క క్షణం నాకు దిగిపోయింది. ఆవిడ కళ్లు మూసుకుంది. ఇంకొక్క నిమిషం ఆ హాలు నోరు మూసుకుని ఉంటే ఈ కథ వేరుగా చెప్పేదాన్ని.

"దశరథం గారూ! ఆగిపోయారేం? కానీండి! పద్యం!" అని ముందు వరసలో ఒక శాలువా లేచింది. ఇంకో నలుగురు అందుకున్నారు. "వన్స్‌మోర్! చంద్రుడు వన్స్‌మోర్!"

ఆయన మోకాలు కదిలింది. నాకు తెలిసింది, ఆవిడకీ తెలిసింది. ఆయన ఆవిడ తలని ఒళ్లోంచి తీసి బల్లల మీద పెట్టాడు. మెత్తగానే పెట్టాడు. విసిరేసి ఉంటే కూడా నాకింత మంట పుట్టేది కాదు. పద్యానికి రెండు చేతులూ కావాలి కాబట్టి నన్ను ఆవిడ పక్కన దించి, లేచి, సభకి దణ్ణం పెట్టి చంద్రుణ్ణి అందుకున్నాడు.

తాయారమ్మ లేచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పైట సర్దుకుంది. నన్ను తీసుకుని, నాలో ఎంత మిగిలిందో చూసుకుని, చెరసాల ద్వారంలోంచి తెర వెనక్కి నడిచింది. మస్తాన్ సాహెబు ఆవిడ వెళ్లేదాకా చూసి, హార్మోనియం తిత్తి నొక్కి బిగించి, పెట్టె మీద గుడ్డ కప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

శ్రుతి లేకుండానే ఆయన పాడాడు. గొప్ప గొంతు, ఒప్పుకుంటాను. ఏడోది కూడా పూర్తి చేసి, తాగడానికి వంగాడు. నేను లేను. ఆవిడ పడుకున్న చోట చేత్తో తడిమాడు. తన నడికట్టు తడుముకున్నాడు. విషం లేకపోతే వీరకేతు చావలేడు. వీరకేతు చావకపోతే తెర లాగేవాడు తెర వెయ్యడు, అతనికి చెప్పిన గుర్తు అదొక్కటే. ఏం చెయ్యాలో తోచక ఏడో పద్యం మళ్లీ అందుకున్నాడు. అది అయ్యాక మళ్లీ వంగి చూశాడు. "ఇంకెప్పుడయ్యా చచ్చేది?" అని ఎవరో అడిగారట. ఇదంతా మస్తాన్ సాహెబు తరవాత చెప్పిందే. ఎన్నిసార్లు పాడాడో నేను వినలేదు, ఆపాటికి మేం బస్టాండులో ఉన్నాం. బెంచీ మీద కూర్చుని, గొంతు మండుతోందని, నాలో మిగిలిన సగం కూడా ఆవిడే తాగేసింది.

సోమవారం ఆపరేషను జరిగింది. డాక్టరు చెప్పినట్టే పాట పోయింది, మాట గుసగుసగా మిగిలింది. ఆవిడ ఆయన్ని వదిలేసి వెళ్లిందనుకుంటున్నారేమో, వెళ్లలేదు. ఎక్కడికి వెళుతుంది? ఆయన కూడా ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఆవిడ మంచం పక్కన కూర్చున్నాడు. ఇడ్లీ పాలలో మెదిపి తినిపించాడు. పదమూడో రోజుకి రేపల్లెలో ఆట ఒప్పుకున్నాడు. దీన్ని ప్రేమ అంటారో ఇంకేమంటారో మీలో మీరు కొట్టుకు చావండి. నన్ను మాత్రం ఆవిడ మళ్లీ ఆ ట్రంకుపెట్టెలోకి పంపలేదు. ఆయన రెండుసార్లు అడిగాడు. ఆవిడ వినపడనట్టు ఊరుకుంది. ఇప్పుడు వీరకేతు స్టీలు గ్లాసులో తాగి చస్తున్నాడని విన్నాను.

మొన్నీమధ్య ఒక కాలేజీ లెక్చరరు టేపు రికార్డరు పట్టుకుని ఇంటికి వచ్చాడు. తెలుగు నాటకాల్లో ప్రేమ మీద ఏదో పెద్ద పుస్తకం రాస్తున్నాడట. తాయారమ్మ నాలో ఆయనకి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన తాగి, నన్ను చాప మీద పెట్టి, మీట నొక్కి, చాలా వినయంగా అడిగాడు.

"అమ్మా, మీరు ఇరవై నాలుగేళ్లు సౌగంధిగా జీవించారు. సౌగంధి, వీరకేతు ఒకరినొకరు నిజంగా ప్రేమించుకున్నారంటారా?"

గుసగుస వినపడదేమోనని ఆయన టేపు రికార్డరుని ఆవిడ నోటి దగ్గరికి జరిపాడు.

"ఆవిడ తాగింది నాయనా. ఆయన పాడాడు."

"అంటే ప్రేమ ఉన్నట్టా లేనట్టా అమ్మా?"

ఆవిడ జవాబు చెప్పడానికి ఊపిరి కూడదీసుకుంటోంది. ఆ గొంతుకి ఒక్కో మాట కూడదీసుకోవాలి, కొంచెం ఓపిక పడితే వస్తుంది. ఇంతలో పక్కగదిలో మంచం కిర్రుమంది. దశరథం గారు గొంతు సవరించుకుని ఒక పద్యం ఎత్తుకున్నాడు. ముసలితనంలో కూడా ఖంగుమంది.

లెక్చరరు గారి ముఖం వెలిగిపోయింది. "ఒక్క నిమిషం అమ్మా" అని లేచి, టేపు రికార్డరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లిపోయాడు.